బియ్యం అంగడి కింది అతుకు

నీళ్ల పటం గీసిన ఆ రెండేళ్లలో మా ఆఫీసులో ఒక్కరు కూడా కొళాయి నీళ్లు తాగలేదు. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో ఒక బట్టల కొట్టు పైన రెండో అంతస్తు మాది. మెట్ల దగ్గర నీళ్ల క్యాన్లు వరసగా నిలబడి ఉండేవి. గోడకు 'ప్రతి చుక్కకూ ఒక చిరునామా' అని ఇంగ్లీషులో రాసిన పోస్టరు. ఆ గోడ అవతల బాత్రూంలో నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు ఆగిపోతాయో మాలో ఎవరికీ తెలియదు. అది తెలుసుకోవడం వాచ్‌మన్ పని. మా పని అంతకంటే గొప్పది. ఊళ్లకు ఊళ్ల నీళ్ల పైపులు భూమిలో ఎక్కడున్నాయో కనిపెట్టి కంప్యూటర్లో ఎక్కించడం.

పని మంచిదే. దాన్ని నేనేమీ అనను. చిన్న ఊళ్లలో పైపు ఎటు పోతుందో చెప్పే కాగితం ఉండదు. ఉన్నా చెదలు తిని ఉంటుంది. చెదలు తినకపోతే అబద్ధం చెబుతుంది. ఎక్కడ పగిలిందో తెలియక వీధి మొత్తం తవ్విపోస్తారు. ప్రతి పైపూ, ప్రతి వాల్వూ, ప్రతి కొళాయీ తెర మీద కనబడితే ఈ బాధ తప్పుతుందని పైవాళ్లు అనుకున్నారు. సరైన మాటే. ఆ సరైన మాటను తెచ్చి మాలాంటి వాళ్ల చేతుల్లో పెట్టారు, అక్కడొచ్చింది తంటా.

మా లీడరు చాలా నగరాలు తిరిగిన మనిషి. ఏ ఊరికి పోయినా మొదట అక్కడ ఇడ్లీ ఎలా ఉందో చెప్పేవాడు. పని ముగించుకుని వచ్చాక కూడా అదే చెప్పేవాడు. మధ్యలో ఊరు ఆయన కంట పడేది కాదు. కారు అద్దం కిందికి దించితే వీధి సర్వే చేసినట్టే ఆయన లెక్క. ఆయనా మా తెలుగువాళ్లే. తాతలనాడు పత్తీ చెరుకూ పండించిన ఇల్లు, ఇప్పుడు అన్నదమ్ములు మోటారు పంపుల ఫ్యాక్టరీ నడుపుతున్నారు. మీటింగుల్లో ఇంగ్లీషు మాట్లాడేవాడు, మున్సిపాలిటీ వాళ్లతో తమిళం మాట్లాడేవాడు. నాతో ఏదైనా తప్పుడు పని చేయించుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం తెలుగులోకి దిగేవాడు.

నేను పటాన్ని శుభ్రం చేసేదాన్ని. వీధుల్లో కొలిచిన గీతలు తెచ్చి తెర మీద ఒకదానికొకటి అతికించి, తప్పులు దిద్ది, చూడముచ్చటగా తయారుచేసేదాన్ని. మా ఇల్లు కోయంబత్తూరు అంచున ఒక తెలుగు వీధిలో. ఎన్ని వందల ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చామో ఎవరికీ తెలియదు, అడిగితే ఒక్కొక్కరు ఒక్కో రాజు పేరు చెబుతారు. బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు, ఇంట్లో ఎవరూ రాయని తెలుగు. తెలుగు అక్షరాలు ముప్పై దాటాక పంతం మీద నేర్చుకున్నాను. సాఫ్ట్‌వేర్ నేర్పడానికి హైదరాబాదు నుంచి ఫోన్లో మాట్లాడిన ఒకాయన నా మాట విని 'మీది తెలుగేనా మేడం?' అని నవ్వడం ఆ పంతానికి కారణం. ఇక నీళ్లంటారా, మా ఇంట్లో నీళ్లంటే గోడ మీద ఒక స్విచ్చి. బోరు ఉంది, మోటారు మా చిన్నాన్న వర్క్‌షాపులో తయారైంది. బిందె పట్టుకుని వరసలో నిలబడటం అంటే ఏమిటో నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా తెలియదు. నీళ్ల నిపుణుల జట్టులో చేరడానికి ఇంతకంటే అర్హత ఏం కావాలి?

మాకు దక్కిన ఊళ్లలో ఒకటి మదురై అవతల, తిరుమంగళం దాటి కాస్త దూరం పోతే వస్తుంది. పేరు చెప్పను. సింగానల్లూరులో బస్సెక్కి, మదురైలో మారి, మిట్టమధ్యాహ్నానికి అక్కడ దిగేదాన్ని. మున్సిపాలిటీ వాళ్లు నాకు తోడుగా వాల్వులు తిప్పే పెద్దాయన్ని ఇచ్చారు. ఊరికి నీళ్లు వీధుల వారీగా, వంతుల వారీగా వదులుతారు. ఏ వీధి వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఏ ఇంటికి నీళ్లు ఎక్కుతాయో ఆయనకు తెలుసు. వాల్వు తిప్పే సావి, నడుము ఎత్తుండే ఇనుప తాళంచెవి, భుజాన వేసుకుని, ఇంకో చేతిలో సన్నటి ఇనుప చువ్వ పట్టుకుని నడిచేవాడు. నేల మీద అనుమానం వచ్చిన చోట చువ్వ గుచ్చి, దాని పై కొసకు చెవి ఆనించేవాడు. కింద నీళ్లు పోతున్నాయో లేదో, పోతే సన్నగానా జోరుగానా, అంతా చెప్పేసేవాడు. మా లీడరు ఆయన్ని రిపోర్టులో 'రిసోర్స్ పర్సన్' అని రాశాడు, వీధిలో 'ఏయ్ పెద్దాయనా' అని పిలిచాడు.

మొదటి రోజు నా దగ్గర పాత డ్రాయింగు ఒకటి ఉంది. బజారు వీధి నుంచి బస్టాండు దాకా లావుపాటి పైపు, కింద సంతకాలు, ముద్రలు. ఆ దారిలో మా యంత్రం నెట్టుకుంటూ పోయాం. పిల్లల బండిలా ఉంటుంది అది, కింద ఇనుము తగిలితే కూత పెడుతుంది. ఎంత దూరం నెట్టినా కూయలేదు. పెద్దాయన కాసేపు ఓపిక పట్టి, తర్వాత నవ్వాపుకోలేక తమిళంలో చెప్పాడు.

"ఈ పైపా మేడం? ఇది కాయితంలోనే పారతాది. భూమిలో లేదు. ఆ కాలం కంట్రాక్టరు పెట్టినానని సంతకం తీసుకొని పొయ్యినాడు, అంతే."

నేను ఆ సంగతి లీడరుకు ఫోన్ చేసి చెప్పాను. డ్రాయింగు ఉందా అన్నాడు. ఉందన్నాను. సంతకం ఉందా అన్నాడు. ఉందన్నాను. అయితే గీసెయ్యి అన్నాడు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. మేం ఆ దూడకు నంబరు కూడా ఇచ్చాం. భూమిలో లేని ఆ పైపు ఈ రోజుకీ పటంలో ముదురు నీలం రంగులో, దాని వయసు, వెడల్పు, లోతు సహా, దర్జాగా పడుకుని ఉంది.

రెండో రోజు నడుస్తుండగా మా అమ్మ ఫోన్ చేసింది, ఇడ్లీ పిండి లోపల పెట్టాలా బయట ఉంచాలా అని.

"బయటనే ఉండనీమ్మా, సాయంత్రానికి పొంగాల కదా," అన్నాను.

ఫోన్ పెట్టేసరికి పెద్దాయన నిలబడిపోయి నా వైపే చూస్తున్నాడు. అప్పటిదాకా మా ఇద్దరి మాటలూ తమిళంలోనే. మధ్యలో ఆయన గొణుక్కునే తెలుగు ముక్కలు వినబడుతున్నా నేను విననట్టే ఉన్నాను. ఆఫీసు పని మీద ఉన్నప్పుడు అది నా అలవాటు.

"మీరు తెలుగా తాయీ? మనవాళ్లేనా?" అన్నాడు.

ఆయన మొహం వెలిగిపోయింది. మనవాళ్లు అనే మాట మా ఇంట్లో చాలా చిన్న గిరిలో తిరుగుతుంది. ఊరు ఊడ్చే ఇళ్ల తెలుగువాళ్లు, ఈయనలాంటివాళ్లు, ఆ గిరిలో లేరు. వాళ్లది తెలుగు అని మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు, వాళ్లు మాట్లాడేది విని అర్థం చేసుకుంటూనే ఒప్పుకునేది కాదు. నేను చదువుకున్నదాన్ని కదా, 'అవునన్నా' అన్నాను. ఆ అవును అనడానికి పట్టిన ఆలస్యం ఆయన గమనించాడో లేదో తెలియదు. గమనించినా పట్టించుకోలేదు. అప్పటి నుంచి మేడం పోయి, అమ్మా అన్నట్టు తాయీ వచ్చింది.

"అట్లయితే మా తెరువుకు రండి తాయీ. మా పైపు ఏ కాయితంలోనూ లేదు," అన్నాడు.

తెరువంటే వీధి. ఆయన ఉండేది ఊరి చివర కాలనీలో. మూడు నాలుగు తరాలుగా ఊరిని ఊడ్చిన కుటుంబాలు, ఇప్పుడు పిల్లలు ఆసుపత్రుల్లో, షాపుల్లో, ఆటోల మీద రకరకాల పనుల్లో ఉన్నారు. అన్ని ఇళ్లలోనూ తెలుగే. ఒకప్పుడు ఈ కాలనీకి కొళాయి లేదు. పక్క వీధి కొళాయి దగ్గర ఊరివాళ్లంతా పట్టుకున్నాక వీళ్ల బిందెలు. చాలా రోజులు వీళ్ల వంతు వచ్చేసరికి నీళ్లు ఆగిపోయేవి. ఎప్పుడో ఒక ఇంజనీరు మనసు కరిగి, వేరే పనిలో మిగిలిన ప్లాస్టిక్ పైపులు ఇచ్చి, పెట్టుకోండి అని నోటిమాటగా చెప్పాడు. వీళ్లే తవ్వి పెట్టుకున్నారు. చర్చి గోడ పక్కన కొళాయి.

"పాస్టరు వచ్చి జెపం చేసి తిప్పినాడు. మా యమ్మ ఆ దినం రెండుమాట్లు తానం చేసింది," అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

ఆ ఇంజనీరు బదిలీ అయిపోయాడు. తర్వాత వచ్చిన ప్రతి ఇంజనీరూ ఈ పైపు లెక్కలో లేదన్నాడు. ఓట్లప్పుడు ఉందంటారు, రిపేరప్పుడు లేదంటారు. ఎవరికి కోపం వచ్చినా కోసేస్తామని బెదిరిస్తారు. ఇన్నేళ్లుగా ఊరికంతా నీళ్లు తిప్పుతూ, తన వీధి పైపు మాత్రం దొంగసొత్తులా కాపాడుకుంటూ వచ్చాడు ఆ మనిషి. ఆ దిగులు అంతా నాకు కొళాయి గట్టు మీద కూర్చుని చెప్పాడు.

"పడంలో ఎక్కిస్తే ఇంగ ఎవురు వచ్చినా లేదని సెప్పలేరు కదా తాయీ?" అని అడిగాడు.

"చెప్పలేరన్నా," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలచుకుంటే నా నోరు నొక్కెయ్యాలనిపిస్తుంది.

ఆయన చువ్వ గుచ్చుకుంటూ ముందు నడిచాడు, ఆయన ఆగిన ప్రతి చోటా నేను ట్యాబ్‌లో చుక్క పెట్టాను. చుక్కలన్నీ కలిపితే సన్నటి నీలం గీత వచ్చింది. ఆడవాళ్లు చుట్టూ మూగారు. పెద్దాయన వాళ్లమ్మ, తొంభైకి దగ్గర్లో ఉంటుంది, గీత మీద వేలు పెట్టి తడిమింది. తెర జరిగిపోయి గీత కనబడకుండా పోయింది. "అయ్యో, పొయ్యిందే!" అని ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంటే అందరూ నవ్వారు. నేను మళ్లీ లాగి చూపించాను.

ఒక్క చోట మాత్రం చిక్కొచ్చింది. ఆ పైపు ఊరి పెద్ద పైపుకు అతికిన మూల మీద ఇప్పుడు బియ్యం అంగడి ఉంది, కింద గట్టి సిమెంటు నేల. చువ్వ దిగదు. మా యంత్రం ఇనుముకే కూస్తుంది, ప్లాస్టిక్‌కు కూయదు. అతుకు ఎక్కడన్నా అని అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"గల్లాపెట్టె కింద. సేటు కూర్చునేదే దాని మింద," అన్నాడు.

ఒక మూల పగలగొట్టి చూడనివ్వమని సేటును అడిగాం. నా నేల మళ్లీ మీ పటమే వేస్తుందా అన్నాడు. న్యాయమే. నా గీత అంగడి గుమ్మం ముందు ఆగిపోయింది. మిగతాది ఆఫీసులో చూసుకోవచ్చనుకున్నాను.

ఆఫీసులో చూసుకోవడం అంటే ఏమిటో చెప్పాలి. మేం వాడే సాఫ్ట్‌వేరుకు ఒక నియమం ఉంది. ప్రతి పైపూ ఇంకో పైపుకో, ట్యాంకుకో అతికి ఉండాలి. అతకని కొస కనబడితే అక్కడ ఎర్రచుక్క పెడుతుంది. ఎర్రచుక్క అంటే తప్పు. తప్పులు సున్నా అయితేగానీ పటం పైకి పంపకూడదని మా లీడరు శాసనం. నీళ్లు అందని ఇళ్లు ఎన్ని అని ఆయన ఒక్కనాడూ అడగలేదు. ఎర్రచుక్కలు ఎన్ని అని రోజుకు రెండుసార్లు అడిగేవాడు. మేం కూడా అదే లెక్కతో బతికాం. చుక్కలు తగ్గిన రోజు సమోసాలు తెప్పించుకునేవాళ్లం.

వందల్లో ఉన్న చుక్కలు చివరి వారానికి వేళ్ల మీదికి వచ్చాయి. కొన్ని అతికించాం, కొన్ని లాగి అతికించాం. అతకనివి మిగిలాయి, వాటిలో కాలనీ పైపు ఒకటి. అతుకు ఎక్కడుందో నాకు తెలుసు. జానెడు గీత గీస్తే అయిపోతుంది. కానీ గీత గీస్తే ఆధారం ఏమిటో పక్కన గడిలో నింపాలి. ఆ గడిలో మూడే ఉన్నాయి: డ్రాయింగు, యంత్రం, ఫోటో. నలభై ఏళ్లు ఆ పైపు కాచిన మనిషి మాట అనే నాలుగోది లేదు. లీడరును అడిగాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని తెలుగులో మొదలుపెట్టగానే నాకు అర్థమైపోయింది.

"అమ్మణీ, ఒక్క లైనుకు ఇంత యోచన చేస్తా ఉంటివంటే సోమవారం పెద్దాఫీసర్ల ముందర నేను ఏం మొగం పెట్టుకొని నిలబడేది? వాల్వు తిప్పేవాడు సెప్పినాడని రాసుకుంటారా ఎవరన్నా? ఇప్పటికి తీసెయ్, రెండో విడతలో చేర్చుకుందాం."

"అక్కడ నీళ్లు వస్తా ఉండాయి సార్. నేను చూసినాను," అన్నాను.

"నీళ్లు ఎట్లయినా వస్తాయి. పటం ఆపితే ఆగిపోతాయా?" అన్నాడు.

ఆ మాట నాకు సమాధానంలాగే వినిపించింది. లేని పైపుకు డ్రాయింగు ఉంది కాబట్టి ఉంది, ఉన్న పైపుకు డ్రాయింగు లేదు కాబట్టి లేదు అని అరిచి ఉండొచ్చు. పటం మీద నా పేరు తీసెయ్యండి అని ఉండొచ్చు. మధ్యాహ్నం పెరుగన్నం తిని వచ్చి, ఆ గీత మీద నొక్కి, డిలీట్ కొట్టాను. నిజంగా తీసెయ్యాలా అని అది ఒకసారి అడిగింది కూడా. అవునన్నాను. ఎర్రచుక్క పోయింది. సాయంత్రానికి మిగతావి కూడా పోయాయి, సమోసాలు వచ్చాయి, నేను రెండు తిన్నాను.

ఎవరో నా మెడ మీద కత్తి పెట్టారని చెప్పుకోను. లీడరును ఇన్ని మాటలన్నాను కదా, నా విషయానికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తే సిగ్గుచేటు. ఆయనకు ఆ వీధి తెలియదు. నేను ఆ గట్టు మీద కూర్చున్నాను. తెలియక చేసినవాడి కంటే తెలిసి చేసినదాన్ని చూసి ఎక్కువ అసహ్యించుకోవాలి. నేనైతే అసహ్యించుకుంటున్నాను.

పటం ఆవిష్కరణ మదురైలో ఒక హోటలు హాల్లో చేశారు. పైన పటారం లోన లొటారం అనడానికి అంతకంటే మంచి సభ నేను చూడలేదు. నీళ్ల పండగ కదా, ప్రతి కుర్చీ ముందూ ప్లాస్టిక్ సీసా. లీడరుకు శాలువా కప్పారు. ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు సిబ్బందిని కూడా పిలిచారు, వాళ్లలో పెద్దాయన. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాలో వెనక వరసలో నిలబడ్డాడు. ఆయన్ని కూర్చోమనాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా. తెర మీద ఊరంతా నీలం గీతలతో వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. టీ కోసం లేచినప్పుడు ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"తాయీ, మా తెరువు చూపించండి. మా యమ్మకు సెప్పాల," అన్నాడు తెలుగులో, గట్టిగానే.

పక్కన ఆఫీసర్లు ఉన్నారు. లీడరు టీ కప్పు పట్టుకుని చూస్తున్నాడు. నేను తమిళంలో జవాబిచ్చాను, ఇక్కడ నెట్‌వర్కు సరిగా లేదు, అంత దూరం లోడ్ కావడం లేదు అని. ఆయన తలూపాడు. యంత్రాల సంగతి నాకు తెలుస్తుంది, తనకు తెలియదు అనే నమ్మకంతో తలూపాడు. అప్పుడు నాకు వచ్చినంత సిగ్గు జీవితంలో ఎప్పుడూ రాలేదు. అయినా నిజం చెప్పలేదు. వెళ్లి ఇంకో టీ తెచ్చుకున్నాను.

కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం ఫోన్ వచ్చింది. నంబరు పెద్దాయనది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఏమీ అనకముందే ఆ పైపు సంగతేనని నాకు తెలిసిపోయింది. మురుగు కాలువ కోసం కాలనీ ముందు జేసీబీ పెట్టారు. కంట్రాక్టరు మా పటం చూసుకునే తవ్వాడు. అక్కడ పైపు లేదని పటం చెప్పింది. నిజానికి ఆ ఊళ్లో మా పటాన్ని నమ్మి ఎవరైనా చేసిన మొదటి పని అదే. పైపు ముక్కలైపోయింది. మూడు రోజులుగా కాలనీలో నీళ్లు లేవు. ఫిర్యాదు చేద్దామంటే ఇప్పుడు ఫోన్లో మా పటం తెరిచి పైపు మీద నొక్కి చెప్పాలట, నొక్కడానికి అక్కడ పైపే లేదు.

"నేను సెప్పినాను తాయీ, మేడం వచ్చి కొలుసుకొని పొయ్యినారు, ఆమె దగ్గర ఉండాది అని. ఇంజనీరు నమ్మలే. మీరు ఒకమాటు వచ్చి సూపించండి, సాలు."

ఆయన గొంతులో అనుమానం లేదు. అదే నన్ను చంపింది. లీడరుకు చెబితే మార్పుల ఫారం నింపమన్నాడు. నింపాను. పైపు నంబరు రాయకుండా ఫారం ముందుకు పోలేదు. లేని పైపుకు నంబరు ఎక్కడి నుంచి తెస్తాను? మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను. నా పాత ట్యాబ్‌లో ఆ రోజు పెట్టిన చుక్కలు ఇంకా ఉన్నాయి. అవి చూపిస్తే చాలు, తప్పు ఎలా జరిగిందో ఎవరూ అడగరులే అని దారి పొడవునా అనుకున్నాను. అప్పటికీ నా ఆశ అదే.

కాలనీ ముందు గోతి తవ్వి ఉంది. బురదలో తెల్లటి పైపు ముక్కలు. పక్కన లారీ నీళ్లకోసం పెట్టిన బిందెల వరస. ఇంజనీరు, కొత్తగా వచ్చినవాడు, బండి మీద నుంచి దిగకుండానే తమిళంలో మాట్లాడాడు. ఇది అనుమతి లేని పైపు, మున్సిపాలిటీ బాగుచేయదు, మీరు మీరే తవ్వి బాగుచేసుకుంటే కేసు పెడతాను అన్నాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. పెద్దాయన నా వైపు చెయ్యి చూపించాడు.

"ఇదో, మేడం వచ్చినారు. ఆమెను అడగండి సార్."

ఇంజనీరు నా వైపు తిరిగాడు. ఆడవాళ్లు బిందెల దగ్గర నుంచి లేచి వచ్చారు. నేను ట్యాబ్ తెరిచి చుక్కలు చూపించాను. ఇవి కొలిచినవే అయితే పటంలో ఎందుకు లేవు అన్నాడు ఆయన. ఆ ప్రశ్న ఆయనే అడుగుతాడని నేనెందుకు అనుకోలేదో తెలియదు. మనుషుల మాట మీద ఇంత చులకన ఉన్నవాడు పటం మాట మాత్రం వదులుతాడా?

"ఉండింది సార్. నేనే తీసేశాను," అన్నాను తమిళంలో.

తీసేశారంటే లేనట్టే కదా అని నవ్వి, ఇంజనీరు బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పెద్దాయన సావి, చువ్వ పక్కన పెట్టి, లుంగీ ఎగ్గట్టి, గడ్డపార తీసుకున్నాడు. కేసు పెడితే పెట్టుకోనీ అన్నట్టు ఇంకో నలుగురు కూడా దిగారు. దిగబోతూ నన్ను అడిగాడు.

"తీసేసేదానికి ఎంతసేపు పట్టింది?"

"ఒక నిమిషం కూడా పట్టలేదన్నా."

ఆయన తలూపాడు, హోటలు హాల్లో ఊపినట్టే.

"మేము పదకొండు దినాలు తవ్వినాము," అన్నాడు.

నేను ఏదో అనబోయాను. నన్ను క్షమించండి అనే అనబోయానేమో, లేక ఇంకో ఫారం గురించో. ఆయన అప్పటికే గోతిలోకి దిగి గడ్డపార ఎత్తాడు.

"కొంచెం పక్కకు జరగండి మేడం, మట్టి పడతాది."

నేను జరిగాను.